ఎం2 మాన్యువలా, కార్వెట్ సీ8 జెడ్51నా? ఐదు వారాల్లో బ్రేక్-ఇన్ అవుతుందా?

ఫ్రిస్కో_ఆరుగేర్లు:
డాలస్‌లో ఉంటున్నాం. కొత్త బీఎండబ్ల్యూ ఎం2 (ఆరు గేర్ల మాన్యువల్), కార్వెట్ సీ8 స్టింగ్‌రే జెడ్51 (పెర్ఫార్మెన్స్ ప్యాకేజీ ఉన్నది), ఈ రెండింట్లో ఒకటి తీసుకోవాలి. డెలివరీ అయిన ఐదు వారాలకు ఆస్టిన్‌లోని సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లో ట్రాక్ డే (సొంత కారును రేస్ ట్రాక్ మీద నడిపే రోజు) ఉంది. ఆఫీసుకు రానూపోనూ రోజుకు 30 మైళ్లు. ఆలోపు బ్రేక్-ఇన్ (కొత్త కారు భాగాలు కుదురుకునేలా మొదటి మైళ్లు జాగ్రత్తగా నడపడం) పూర్తి చేయడం ఎలా?

పిస్టన్‌రింగ్:
ముందు మైళ్ల లెక్క చూడండి. ఆఫీసు తిరుగుడు ఐదు వారాలకు 750 మైళ్లే. ఎం2కి 1,200 మైళ్లు దాటాక రన్నింగ్-ఇన్ (బ్రేక్-ఇన్) సర్వీసు ఉంటుంది, అందులో ఇంజిన్ ఆయిల్‌తో పాటు డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) ఆయిల్ కూడా మారుస్తారు. డిఫరెన్షియల్‌లోని క్రౌన్, పినియన్ గేర్ల పళ్లు ఒకదానికొకటి కుదురుకునేటప్పుడు రాలే లోహపు పొడి అందులోనే ఉంటుంది. ఆ సర్వీసు కాకుండా ట్రాక్‌కి వెళ్లొద్దు. అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసుకోండి. కార్వెట్‌కైతే 1,500 మైళ్ల వరకు ట్రాక్ వద్దని తయారీదారు జీఎం ఇచ్చే ఓనర్స్ మాన్యువల్ చెబుతుంది.

తక్కువపడే మైళ్లకు హిల్ కంట్రీలోని ట్విస్టెడ్ సిస్టర్స్ రోడ్లు (335, 336, 337) సరిగ్గా సరిపోతాయి. రానూపోనూ 700 మైళ్ల పైమాటే. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: ఐ-35 మీద క్రూజ్ కంట్రోల్ పెట్టి ఒకే వేగంతో మైళ్లు నింపేస్తారు. పిస్టన్ చుట్టూ ఉండే రింగును సిలిండర్ గోడకు నొక్కేది దాని వెనక చేరే దహన వాయువు ఒత్తిడి. లోడు లేకుండా నడిపితే రింగు కుదరదు, గోడ నున్నగా మెరుగెక్కి తర్వాత ఇంజిన్ ఆయిల్ తాగుతుంది. మూడో, నాలుగో గేర్లో 2,500 నుంచి 4,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) వరకు సగానికి పైగా యాక్సిలరేటర్‌తో లాగి, పూర్తిగా వదిలేసి, మళ్లీ లాగండి. ఎం2లో 5,500 ఆర్‌పీఎం దాటొద్దు, లాంచ్ కంట్రోల్ (నిలబడ్డ చోటు నుంచి పూర్తి శక్తితో దూకించే సదుపాయం) ముట్టుకోవద్దు. సీ8లో మొదటి 500 మైళ్లు 4,000 లోపే. అప్పటిదాకా మొదటి రెండు గేర్లలో టార్క్‌ను (ఇంజిన్ తిప్పే బలాన్ని) కారే తగ్గిస్తుంది.

డ్రైసంప్:
ఎంపిక గురించి నా మాట. వెనక సీట్లో పిల్లలు కూర్చోవాలంటే చర్చే లేదు, ఎం2. సీ8లో రెండే సీట్లు, మాన్యువల్ అసలు లేదు, ఎనిమిది గేర్ల డ్యూయల్ క్లచ్ ఒక్కటే. ట్రాకే ముఖ్యమైతే మాత్రం సీ8. ఇంజిన్ సీట్ల వెనకే ఉండటంతో మూల దాటి బయటికి వచ్చేటప్పుడు వెనక టైర్లకు దొరికే పట్టు వేరు. డ్రై సంప్ (ఆయిల్‌ను ఇంజిన్ అడుగున కాక వేరే ట్యాంకులో ఉంచే పద్ధతి) కాబట్టి పొడవాటి మూలల్లోనూ ఆయిల్ పంపుకు గాలి తగలదు. దాని ఆయిల్ మట్టం ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే చూడాలి, చల్లగా ఉంటే తక్కువ చూపించి మోసం చేస్తుంది.

ఫ్రిస్కో_ఆరుగేర్లు:
పాపకు సీటు కావాలి, ఎం2నే తీసుకుంటాం అన్నా. బ్రేకులు, క్లచ్ సంగతి?

పిస్టన్‌రింగ్:
క్లచ్ కుదరడానికి 300 మైళ్లు పడుతుంది. వాలు మీద క్లచ్‌తో కారు ఆపి ఉంచొద్దు, హ్యాండ్‌బ్రేక్ వాడండి. బ్రేకులు మొదటి 300 మైళ్లు మెత్తగా వాడి, తర్వాత ఖాళీ రోడ్డు మీద గంటకు 60 మైళ్ల వేగం నుంచి 10 మైళ్లకు ఎనిమిది, పదిసార్లు గట్టిగా తగ్గించండి. పూర్తిగా ఆపొద్దు. ప్యాడ్లు వేడిగా ఉన్నప్పుడు పెడల్ తొక్కి నిలబడితే ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకేచోట అంటుకుంటుంది, తర్వాత స్టీరింగ్ వణుకుతుంది. చివర్లో పది నిమిషాలు బ్రేకు తాకకుండా నడిపి చల్లార్చండి.

డ్రైసంప్:
టైర్ల మీద అచ్చు నుంచి వచ్చిన జారుడు పూత ఉంటుంది, 200 మైళ్ల వరకు వానలో జాగ్రత్త. డెలివరీ జనవరిలో అయితే ఇంకొకటి: సమ్మర్ టైర్లు 45 ఫారెన్‌హీట్ కింద పట్టు కోల్పోతాయి, పొద్దున్నే మొదటి మలుపులో వెనక భాగం జారుతుంది.