సొంత బండికి సొంత మరమ్మతు: లాభం డబ్బు ఒక్కటేనా?

కొత్తపానా: ఇంజిన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్ ఇకపై నేనే మార్చుకోవాలనుకుంటున్నాను. కూలి మిగలడం కాక ఇంకేం ప్రయోజనం ఉంది? వారంటీకి ఇబ్బంది వస్తుందా?

గొలుసుమోత: కూలి సంగతి అటుంచండి. చైన్ శుభ్రం చేస్తూ వెనుక చక్రాన్ని చేత్తో తిప్పినప్పుడు, చైన్ ఒకచోట బిగుసుకొని మరోచోట వేలాడడం గమనించాను. లింకులు అసమానంగా సాగాయనీ, చైన్‌తోపాటు అది తిరిగే పళ్ల చక్రాలు (స్ప్రాకెట్లు) కూడా మార్చాలనీ అప్పుడే తెలిసింది. అంతకుముందే సర్వీసు చేసినవారు అంతా బాగుందని రాసిచ్చారు.

పాతబండి: ఆయిల్ మార్చడానికి స్పానరు చాలు. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ లేనిదే, పాత ఆయిల్ వదలడానికి విప్పే డ్రెయిన్ బోల్టు ముట్టకూడదనే మాటలు నమ్మకండి.

మరచుట్టు: ఇది ప్రమాదకరమైన సలహా. చాలా బండ్లలో బోల్టు ఉక్కుది, అది దిగే భాగం అల్యూమినియంది కాబట్టి, అతిగా బిగిస్తే పోయేది ఇంజిన్ వైపు మరే. నేను కొన్న పాత బండిలో బోల్టు విప్పగానే దాని వెంట అల్యూమినియం మర తీగచుట్టలా ఊడి వచ్చింది.

పాతబండి: ఇన్నేళ్లలో నా చేతిలో ఒక్క మరా పోలేదు. బోల్టు కింద నలిగిన పాత వాషరే మళ్లీ వేసి, ఆయిల్ కారుతోందని ఇంకా ఇంకా బిగించేవారి వల్లనే మరలు పోతాయి. అసలు కారణం వదిలేసి స్పానరును ఆడిపోసుకోవడం దేనికి?

మరచుట్టు: వాషర్ మాట నిజమే. కానీ మీ చేతికున్న అంచనా కొత్తవారికి ఉండదు. మాన్యువల్‌లో బిగింపు అంకె ఇచ్చింది వారి కోసమే.

బ్రేకుమేస్త్రి: బోల్టు గొడవ చాలించండి. నేను బ్రేకుల పనిలోనే పండిపోయినవాణ్ణి. డాట్ 4 రకం బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తదానికి కనీస మరుగు స్థానం 230 డిగ్రీల సెల్సియస్ కాగా, తేమ చేరినదానికి ఆ ప్రమాణం 155 మాత్రమే. వాలులో దిగుతూ అదేపనిగా బ్రేకు నొక్కితే ద్రవం మరిగి, ఆవిరి బుడగల వల్ల పెడల్ లోపలికి దిగిపోతుంది. ద్రవం మార్చినప్పుడు బ్రేకు గొట్టాల్లోని గాలి పూర్తిగా తీయడం ఎవరైనా దగ్గరుండి నేర్పేదాకా కొత్తవారు ఆ పనికి దిగవద్దు.

గొలుసుమోత: నేర్చుకోనివ్వకుండా భయపెడితే ఎలా? ద్రవం మట్టం తగ్గిందంటే బ్రేకు ప్యాడ్లు అరిగాయేమో చూడాలని తెలియడం కూడా లాభమే కదా.

కొత్తపానా: వారంటీ గురించి ఎవరూ చెప్పలేదు.

మరచుట్టు: షరతులు కంపెనీకొక తీరుగా ఉంటాయి కనుక ముందు వారంటీ పుస్తకం చదవండి. ఆయిల్, ఫిల్టర్ బిల్లులు దాచి, తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ గ్రేడు రాసిపెట్టుకోండి. డ్రెయిన్ బోల్టుకు మాత్రం టార్క్ రెంచే వాడండి.

పాతబండి: కొత్త వాషర్ వేశాక వాడండి.