బేరియాట్రిక్ (బరువు తగ్గించే) ఆపరేషన్‌కి ముందు స్లీప్ టెస్ట్ రాశారు, చేయించుకున్నవాళ్లు చెప్పండి

పేట_కోడలు
మా ఆయనకి 41 ఏళ్లు, 112 కిలోలు, బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 37.5. బీపీ ఉంది, షుగర్ లేదు. గుంటూరులో పొట్టని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్‌కి వచ్చే నెల డేట్ ఇచ్చారు. ఇప్పుడు సర్జన్ గారు స్లీప్ టెస్ట్ చేయించుకుని రమ్మన్నారు. మా అత్తగారేమో "మీ మామయ్య జీవితమంతా గురక పెట్టారు, దానికీ టెస్టేనా" అంటున్నారు. కానీ నాకు భయంగానే ఉంది. గురక మధ్యలో ఒక్కసారిగా ఆగిపోతుంది. పక్కన కూర్చుని లెక్కపెడుతుంటాను. మొన్న ఇరవై ఐదు దాకా వచ్చాక ఎవరో గొంతు పట్టుకుని వదిలినట్టు ఉలిక్కిపడి గాలి పీల్చారు. ఇంట్లో చేసే టెస్ట్ సరిపోతుందా, ల్యాబ్‌లోనే పడుకోవాలా?

కూకట్‌పల్లి_శ్రీను
అక్కా, ముందు ఆ గురకని ఫోన్‌లో వీడియో తీయండి. నేను గురక పెడతానంటే నమ్మేవాణ్ని కాదు, మా ఆవిడ తీసిన వీడియో చూశాకే టెస్ట్‌కి వెళ్లాను. నాది 2022లో ల్యాబ్‌లో చేశారు. రాత్రి తొమ్మిదింటికి రమ్మన్నారు. తల మీద, కళ్ల పక్కన, గడ్డం కింద, కాళ్లకి వైర్లు అంటించారు, ఛాతీకి పొట్టకి బెల్టులు, వేలికి క్లిప్. ఆ రోజు తలకి నూనె రాయొద్దు, పేస్ట్ అంటుకోదు. ఆడవాళ్లయితే క్లిప్ పెట్టే వేలికి గోరింటాకు, నెయిల్ పాలిష్ లేకుండా చూసుకోండి. ఇన్ని వైర్లతో నిద్రేం పడుతుందనుకున్నాను గానీ పట్టింది. గంటకి 38 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోందని తేలింది. ఆ లెక్కనే ఏహెచ్‌ఐ అంటారు. 5 లోపు మామూలు, 15 దాకా తక్కువ, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. సగం రాత్రి అయ్యాక లేపి మాస్క్ పెట్టి, మిగతా సగం ఎంత ప్రెషర్ కావాలో చూశారు. ఆపరేషన్‌కి ముందు ఆరు వారాలు సీపాప్ మిషన్ (నిద్రలో మాస్క్ గుండా ప్రెషర్‌తో గాలి పంపేది) వాడాను.

విశాఖ_క్లెయిమ్
ఇన్సూరెన్స్ ఉంటే ఇది జాగ్రత్తగా చదవండి. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన నిబంధన ప్రకారం ఈ ఆపరేషన్‌కి డబ్బు రావాలంటే బీఎంఐ 40 అయినా ఉండాలి, లేదా కనీసం 35 ఉండి తీవ్రమైన జబ్బు ఏదైనా తోడవ్వాలి. అవి నాలుగే: ఊబకాయం వల్ల గుండె కండరం దెబ్బతినడం, గుండె రక్తనాళాల జబ్బు, అదుపులో లేని టైప్ 2 షుగర్, తీవ్రమైన స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బే). మామూలు బీపీ ఆ లిస్టులో లేదు. అంటే మీ వారి ఫైలు నిలబడాలంటే ఈ రిపోర్టే దారి. నా ఫైలు మొదటిసారి వెనక్కి వచ్చింది. అందులో "గురక ఉంది" అని రాశారు తప్ప నంబర్ లేదు.

ఇంకో మాట. ఇంటి టెస్టుల్లో చాలావాటికి తలకి వైర్లుండవు కాబట్టి ఎంతసేపు నిద్రపోయామో తెలీదు. మిషన్ పెట్టుకున్న మొత్తం టైంతో భాగిస్తారు. మెలకువగా ఉన్న గంటలు కూడా కలిసి నంబర్ తక్కువ రావచ్చు. ఇంట్లో 26 వస్తే అదే ఆఖరిమాట అనుకోకండి, ల్యాబ్‌లో మళ్లీ చేయమని అడగండి.

ఓటీ_అక్క
పదకొండేళ్లుగా మత్తు డాక్టర్ల పక్కన పనిచేస్తున్న నర్సుని. అమ్మా, మీ అత్తగారికి ఇలా చెప్పండి. ఇంట్లో ఊపిరి ఆగితే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. ఆపరేషన్ అయ్యాక ఒంట్లో మత్తు, నొప్పికిచ్చే మందులు ఉంటాయి. ఆ లేపడమే మందగిస్తుంది. గొంతు కండరాలు వదులై నాలుక వెనక్కి జారుతుంది. గొంతులోని ఊపిరి ట్యూబ్ తీసిన తర్వాత మేం కళ్లప్పగించి చూసేది అందుకే. ముందే తెలిస్తే నొప్పి మందు మార్చుకుంటాం, తల ఎత్తి పడుకోబెడతాం, మాస్క్ సిద్ధంగా పెట్టుకుంటాం. తెలియకుండా వచ్చినవాళ్లే మమ్మల్ని భయపెడతారు.

రక్తంలో బైకార్బొనేట్ కూడా చూపించండి. 27 గానీ అంతకు మించి గానీ ఉంటే, పగలు కూడా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటోందేమో చూడాలి. అది అప్నియా కన్నా ఇంకో మెట్టు పైది. బరువుకి ఇంజెక్షన్ ఏదైనా వారంవారం వేసుకుంటుంటే అదీ చెప్పాలి, పొట్టలో తిండి ఎక్కువసేపు నిలుస్తుంది.

డాలస్_తెనాలి
ఇక్కడ నాకు ఇంటి టెస్ట్ కిట్ పోస్టులో వచ్చింది, ఏహెచ్‌ఐ 33. మా సర్జన్ ఆఫీసు సీపాప్ ఎంత వాడానో మిషన్ డేటా అడిగింది. మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) లెక్క కూడా ఇదే: 30 రోజుల్లో 70 శాతం రాత్రులు, రాత్రికి కనీసం నాలుగు గంటలు. మొదటి పది రోజులు నరకం. ముఖమంతా కప్పే మాస్క్ పెట్టుకుంటే గడ్డం సందుల్లోంచి గాలి కళ్లలోకి కొట్టేది. గడ్డం తీసేసి, ముక్కు దగ్గర మాత్రమే ఉండే చిన్న మాస్క్‌కి మారాక కుదిరింది. సాయంత్రం టీవీ చూస్తూ మెలకువలోనే అరగంట పెట్టుకోమనండి, ముఖం అలవాటు పడుతుంది.

పేట_కోడలు
అందరికీ చాలా థాంక్సండి. రెండు భయాలు. ఆపరేషన్ అయిన రాత్రే ఆ గాలి పొట్టలోకి పోయి కుట్లు విడిపోతాయేమో? మా దగ్గర కరెంటు కూడా పోతుంటుంది.

ఓటీ_అక్క
బరువు తగ్గడానికి పొట్టకి బైపాస్ చేయించుకున్నవాళ్ల మీద ఈ సంగతి చూశారు, సీపాప్ వల్ల కుట్ల దగ్గర లీకులు పెరగలేదు. మా దగ్గర ఆ రాత్రే పెడతాం. కరెంటుకి ఇన్వర్టర్ చాలు. తేమ కోసం నీళ్లు వేడిచేసే భాగమే ఎక్కువ కరెంటు లాగుతుంది, అవసరమైతే అది ఆపుకోవచ్చు.

కర్నూలు_సుజి
తర్వాతి సంగతి నేను చెప్తా. బైపాస్ అయ్యాక నాలుగో నెలకే 24 కిలోలు తగ్గాను, గురక పోయిందని మా వాళ్లన్నారు. మిషన్ అటక మీద పెట్టేశాను, ఎవర్నీ అడగలేదు. ఒక మధ్యాహ్నం స్కూటీ మీద నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర కునుకు పట్టింది. కిందపడలేదు గానీ వెనక మా అమ్మాయి ఉంది. మళ్లీ టెస్ట్ చేస్తే 52 ఉన్నది 17 అయింది, పోలేదు. గురక తగ్గినంత మాత్రాన అప్నియా పోయినట్టు కాదు. తగ్గేకొద్దీ ప్రెషర్ మార్పించుకోవాలి, ముఖం సన్నబడి మాస్క్ కూడా వదులవుతుంది. టెస్ట్ చేసి డాక్టర్ ఆపమంటేనే ఆపించండి.

పేట_కోడలు
రిపోర్ట్ వచ్చింది. ల్యాబ్‌లోనే చేయించాం. ఏహెచ్‌ఐ 46, ఆక్సిజన్ ఒక దశలో 71 శాతానికి పడిపోయింది. నేను ఇరవై ఐదు లెక్కపెట్టాను, రిపోర్ట్‌లో 58 సెకన్లది కూడా ఉంది. అత్తగారికి ఆ గీత చూపించాను, ఏమీ మాట్లాడకుండా కాగితం మడిచి నా చేతికిచ్చారు. ఆపరేషన్ ఐదు వారాలు వాయిదా వేశారు, ప్రెషర్ తనే సర్దుకునే ఆటో సీపాప్ అద్దెకి తెచ్చాం. నిన్న నాలుగు గంటల పది నిమిషాలు పెట్టుకున్నారు. హాస్పిటల్‌కి ఏమేం తీసుకెళ్లాలి అక్కా?

ఓటీ_అక్క
ఆయన రోజూ పెట్టుకునే మాస్కే తేండి, కొత్తది వద్దు. మిషన్‌కి, గొట్టానికి, మాస్క్‌కి మూడింటికీ పేరు రాసిన ప్లాస్టర్ అంటించండి. మంచం దగ్గర ప్లగ్ ఉంటుందని నమ్మొద్దు, పొడవాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టుకోండి. థియేటర్‌లోకి తీసుకెళ్లేటప్పుడే సంచీ సిస్టర్ చేతికిచ్చి, రికవరీలోకి పంపమని చెప్పండి. వార్డులోనే వదిలేస్తే అది ఆయన దగ్గరికి చేరేసరికి సాయంత్రం అవుతుంది.