డిప్యూటీ జైలర్ కావాలంటే ఏ డిగ్రీ మంచిది?

ప్రశ్న: తమ్ముడికి ఇంటర్ సీఈసీ పూర్తయింది. జైళ్ల శాఖలోనే చేరతానంటున్నాడు. క్రిమినాలజీ డిగ్రీ కోసం వేరే రాష్ట్రం పంపాలా, ఇక్కడే బీఏ చదివిస్తే చాలా?

జవాబు 1: ఎంపిక వరకు ఏ డిగ్రీ అయినా ఒకటేనండి. తెలంగాణలో 2022లో డిప్యూటీ జైలర్ పోస్టులను ఎస్సై పోస్టులతో కలిపే ఇచ్చారు. వార్డర్‌కైతే ఇంటర్ చాలు. క్రిమినాలజీ చదివితే అదనపు మార్కులేమీ లేవు. ప్రిలిమినరీలో 200 ప్రశ్నలు, అందులో సగం అర్థమెటిక్, రీజనింగే. సీఈసీ పిల్లలు దెబ్బతినేది అక్కడే. శాతాలు, కాలం–పని ఇప్పటినుంచే చేయించండి. పరుగు కూడా వాయిదా వేయొద్దు. అప్పట్లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో అడిగారు. రాతపరీక్ష అయ్యాక మొదలుపెడితే పిక్కలు పట్టేస్తాయి.

జవాబు 2: ఉద్యోగంలోకి వెళ్లాక అక్కరకొచ్చేది న్యాయశాస్త్రం. బెయిల్ ఆర్డర్ రాగానే గేటు తీసేయరండి. పేరు, తండ్రి పేరు, క్రైమ్ నంబరు, సెక్షన్లు రిమాండ్ వారంటుతో ఒక్కొక్కటిగా సరిచూడాలి. వేరే కేసులో పీటీ వారంటు (ఖైదీని ఆ కోర్టు ముందుకు తీసుకురమ్మనే ఉత్తర్వు) ఉందేమో రిజిస్టరులో వెతకాలి. నంబరు తప్పు పడితే కోర్టు సవరించేదాకా మనిషి లోపలే ఉండిపోతాడు. పీటీ వారంటు చూడకుండా వదిలితే ఇంకో కేసు ముద్దాయి బయటికి పోతాడు.

బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 479వ సెక్షన్ కూడా అంతే. మొదటిసారి కేసులో పడ్డవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు విచారణ ఖైదీగా గడిపితే బెయిల్ కోసం కోర్టుకు రాయాల్సింది జైలు సూపరింటెండెంటే. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటి కంటే ఎక్కువ కేసులు నడుస్తున్నా కుదరదు. ఈ లెక్క కట్టడం రాకపోతే ఒక పేదవాడి నెలలు లోపలే కరిగిపోతాయి. అందుకే బీఏ అయ్యాక లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయమనండి.

జవాబు 3: పై మాటతో ఏకీభవిస్తాను. కాకపోతే ఖైదీలతో, వాళ్ల కుటుంబాలతో పనిచేయడం మీద మనసుంటే ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) మేలు. ఆంధ్రా, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో ఉంది. ఫీల్డ్‌వర్క్ గట్టిగా చేయించే కాలేజీయే చూడండి, అది లేని ఎంఎస్‌డబ్ల్యూ కాగితమే. క్రిమినాలజీ అంటారా, ఉద్యోగం వచ్చాక శిక్షణలో ఎలాగూ చెబుతారు. అధికారుల శిక్షణకు వెల్లూరులో దక్షిణాది రాష్ట్రాలు కలిసి నడిపే జైళ్ల శిక్షణ అకాడమీ ఆప్కా 1979 నుంచీ ఉంది. ఇంకోటి, డిప్యూటీ సూపరింటెండెంట్‌గా నేరుగా చేరాలంటే దారి గ్రూప్-1. దానికీ డిగ్రీయే అర్హత.