అప్‌డేట్: ఇంట్లో గోమార్ల బెడద తగ్గింది

మా కుక్కకి ఎన్ని ఏరినా గోమార్లు మళ్లీ వస్తున్నాయని వేసవిలో అడిగాను కదా, ఇప్పుడు చాలా నయం. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

కుక్క మీదకన్నా గోడల్లో ఎక్కువ వెతకమన్న మాటే దారి చూపించింది. రాత్రి టార్చి వేసి చూస్తే గేటు పక్క గోడ పగుల్లో, తలుపు చట్రం వెనకాల ఆవగింజల్లా గుంపుగా కనిపించాయి. ఒళ్లు జలదరించింది! రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారు కుక్క మీంచి దిగి, అలాంటి సందుల్లోనే వేలల్లో గుడ్లు పెడుతుంది. అందుకే పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్పించాం, స్ప్రే కొట్టించాం. గుడ్ల మీద మందు అంతగా పనిచేయదు కాబట్టి, అవి పగిలి పిల్లలు బయటికొచ్చాక రెండోసారి కూడా కొట్టించాం. కుక్క పరుపు వేడినీళ్లలో ఉతికి ఎండేస్తున్నాం.

పశువుల డాక్టర్ గారు కుక్క బరువు చూసి గోమార్లను చంపే అఫాక్సోలానర్ బిళ్ల రాశారు, నెలకోసారి. ఇప్పటికీ రోజూ చెవుల్లో, కాలి వేళ్ల సందుల్లో చూస్తున్నా. ఏదైనా దొరికితే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెల్లగా నిటారుగా లాగి స్పిరిట్‌లో వేస్తున్నా. చేత్తో నలపకండి.

ఇంట్లో పిల్లి కూడా ఉంటే మాత్రం చాలా జాగ్రత్త. కుక్కలకి వాడే పెర్మెత్రిన్ మందు పిల్లి ప్రాణం తీస్తుంది.