పుట్టోన్యోష్ లెక్కలో 3, 4 తీసేయడం తోకయికి మేలా, కీడా?

బుడాపెస్ట్_బాబాయి:
హంగరీ తీపి వైన్ తోకయి అసూ సీసా మీద ఒకప్పుడు 3 నుంచి 6 దాకా ఏదో ఒక పుట్టోన్యోష్ అంకె ఉండేది. 2013 నిబంధనలతో 3, 4 పోయాయి. ఇప్పుడు లీటరుకు కనీసం 120 గ్రాముల చక్కెర మిగిలితేనే అసూ అనాలి. పాత లెక్కలో అది 5.

కొత్తవాళ్ల కోసం చెప్తున్నా. పుట్టోన్ అంటే తోటలో వీపున మోసే బుట్ట, సుమారు 25 కిలోలు పడుతుంది. గొంత్స్ పీపా 136 లీటర్లది. ఒక పీపా రసంలోనో వైన్‌లోనో ఎన్ని బుట్టల బూజు పట్టి ఎండిన ద్రాక్షపళ్లు కలిపితే అన్ని పుట్టోన్యోష్. మన పుట్టి, తూము లాంటి కొలతే (పేరు కలవడం కాకతాళీయం, దయచేసి ఇక్కడ భాషాశాస్త్రం మొదలుపెట్టకండి).

నా మాట ఒకటే. 3 పుట్టోన్యోష్ అంటే 60 గ్రాముల చక్కెర. ఫుర్మింట్ ద్రాక్ష పులుపు పక్కన ఆ తీపి భోజనంలో కూడా ఇమిడిపోయేది. ఇప్పుడు అసూ అంటే పండగపూట చిన్న గ్లాసులో రెండు గుక్కలు, అంతే. బూజు సరిగా పట్టని ఏడాదిలో చిన్న రైతు 3తో గట్టెక్కేవాడు. ఆ మెట్టు లాగేశారు.

సీసామూత:
బాబాయి గారూ, బుట్టలు ఇప్పుడెవరు లెక్కపెడుతున్నారండీ? ల్యాబ్‌లో చక్కెర కొలిచి అంకె వేస్తారు. సోషలిస్టు కాలంలో తోటలు ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్నప్పుడు సరుకు ఎంత తయారైందన్నదే లెక్క, అందులో చాలా భాగం సోవియట్ మార్కెట్‌కే పోయేది. తోకయి పేరు పడిపోయింది అక్కడే. 1990 తర్వాత రాయల్ తోకయి, దిస్నోకో, ఒరెముష్ లాంటి వైన్ కంపెనీలు డబ్బు పెట్టి మళ్లీ నిలబెట్టారు. పలచటి సరుక్కీ అదే పేరు పెడితే ఆ కష్టమంతా ఏమవ్వాలి? ఆత్రేయపురం పేరు పెట్టి నెయ్యి లేని పూతరేకు అమ్మితే మనం ఊరుకుంటామా?

గోదారి_గట్టు:
ఇద్దరూ గ్రాముల దగ్గరే ఆగిపోయారు. చదువుకోసం మిష్కోల్స్‌లో ఉన్నప్పుడు ఒక అక్టోబరులో తోకయి ప్రాంతపు మాద్ ఊరి తోటలో రెండ్రోజులు పళ్లు ఏరాను. ఉదయం బొద్రోగ్, తిసా నదుల మీంచి మంచు కమ్ముకుంటుంది, పక్క వరస కూడా కనబడదు. పదకొండింటికి ఎండ. ఈ తడి, ఈ ఎండ ఒకదాని వెంట ఒకటి రావడం వల్లే బొట్రైటిస్ బూజు పండును కుళ్లబెట్టకుండా ముడుచుకుపోయేలా చేస్తుంది.

ఒక గుత్తిలో పది పళ్లు ముడుచుకుని ఉంటాయి, మిగతావి పచ్చగా నిగనిగలాడుతుంటాయి. ఆ పదే ఏరాలి. నా పక్కనున్న పెద్దావిడ ఒక పండు నా అరచేతిలో పెట్టింది. పైన బూడిదరంగు దుమ్ము, నొక్కితే జామ్‌లా వేలికి అంటుకుంది, గింజలు బయటికొచ్చాయి. సాయంత్రానికి నా బక్కెట్ అడుగు కూడా సరిగా నిండలేదు. ఆవిడ మాత్రం నవ్వలేదు, పాపం.

ఆ పళ్లను రసంలోనో వైన్‌లోనో ఒకటి రెండు రోజులు నానబెట్టి పిండుతారు. అసూని అసూ చేసేది ఇదే. ఆలస్యంగా కోసిన మామూలు తీపి వైన్‌లోనూ 120 గ్రాములు ఉండొచ్చు, అది అసూ అవుతుందా? కాబట్టి నిబంధన పట్టుకోవాల్సింది పళ్లను, చక్కెరను కాదు. మూడు బుట్టలు, అంటే 75 కిలోల పళ్లు ఏరి కలిపినవాడు కూడా అసూ చేసినట్టే. ఈ విషయంలో బాబాయి వైపే నేను.

సీసామూత:
బాగా రాశారండీ. కానీ తీపి తక్కువ కావాలంటే సమొరొద్ని ఉందిగా? పోలిష్ భాషలో 'పుట్టింది పుట్టినట్టు' అని అర్థం. ఏరకుండా గుత్తి మొత్తం కోసేస్తారు, మంచి పళ్లూ బూజు పళ్లూ కలిపే. అందులో తీపి రకం ఉంది, తీపి లేని రకమూ ఉంది. పేరుకు పేరు, ధరకు ధర. అన్నింటికీ అసూ కిరీటమే కావాలా?

బుడాపెస్ట్_బాబాయి:
సమొరొద్ని నాకూ ఇష్టమే, దాన్ని తక్కువ చేయను. కానీ వేరే వంటకం చూపించి 'ఇది తిను, అది మర్చిపో' అంటే ఎలా? 1823 నాటి హంగరీ జాతీయగీతంలో దేవుడు తోకయి తీగల మీద అమృతం చిందించాడని ఉంది. ఎన్ని గ్రాములో రాయలేదు మరి.

పేరు పడిపోయిన సంగతి మాత్రం ఒప్పుకుంటున్నా. పాత 3 పుట్టోన్యోష్‌లలో కొన్ని బెల్లం నీళ్లలాగే ఉండేవి. అలాగని మెట్టే తీసేయాలా? చెడ్డ సరుకును రుచి పరీక్షలో ఆపితే సరిపోయేది.

ఊరికే_అడుగుతున్నా:
మధ్యలో దూరుతున్నా, సారీ. మా బావ 2006 నాటి 4 పుట్టోన్యోష్ అర లీటరు సీసా ఇచ్చాడు. ఇంకా పనికొస్తుందా, లేక అలమరాలో అలంకారానికేనా?

గోదారి_గట్టు:
అంత తీపి, అంత పులుపు ఉన్న వైన్ ఇరవై ఏళ్లకు భయపడదు. మూత బాగుండి, ఎండ తగలకుండా దాచి ఉంటే చాలు. కాస్త చల్లబరిచి తాగండి. గులాబ్‌జామ్‌తో మాత్రం వద్దు, వైన్ చప్పగా అనిపిస్తుంది. బ్లూ చీజ్ దొరికితే చూడండి.

బుడాపెస్ట్_బాబాయి:
4 పుట్టోన్యోషా! తెరిచేటప్పుడు ఒక మాట చెప్పండి, డిసెంబరులో హైదరాబాద్ వస్తున్నా.

సీసామూత:
నేనూ వస్తా. నచ్చితే మాత్రం ఇక్కడ రాయను.