చేసిన ఉద్యోగానికి కాగితం లేదు, చేయనిదానికి అన్నీ ఇస్తామంటున్నారు. ఏం చేయాలి?

బిల్లింగ్ కౌంటర్:
అందరికీ నమస్కారం. మాది తెనాలి. 2021లో బీఎస్సీ కంప్యూటర్స్ అయ్యింది. ఆ ఏడాదే గుంటూరులో ఒక ప్రైవేటు హాస్పిటల్లో బిల్లింగ్ కౌంటర్లో చేరి 2024 మార్చి వరకు చేశాను. పేరుకే హాస్పిటల్ ఉద్యోగం, మమ్మల్ని పెట్టుకుంది కాంట్రాక్టరు. జీతం చేతికిచ్చేవాడు. పీఎఫ్ లేదు, పే స్లిప్ లేదు. మానేసేటప్పుడు రిలీవింగ్ లెటర్ అడిగితే "నీకు అపాయింట్‌మెంట్ లెటరే లేదు కదమ్మా" అన్నాడు. అదీ నిజమే.

ఇప్పుడు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్నాను. మాన్యువల్ (చేత్తో చేసే టెస్టింగ్) అయిపోయింది, సెలీనియం (టెస్టులు వాటంతటవే నడిపే టూల్) నడుస్తోంది. ఇక్కడ ఒక కన్సల్టెన్సీ ఆయన "ఫ్రెషర్ అంటే ఎవరూ కాల్ చెయ్యరు, టెస్టింగ్‌లో మూడేళ్ళు చేసినట్టు రెజ్యూమ్‌లో పెడదాం" అంటున్నాడు. ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్, ఎవరైనా ఫోన్ చేస్తే హెచ్‌ఆర్‌లా మాట్లాడే మనిషి, అన్నీ వాళ్ళవే. ముందు 40 వేలు, ఉద్యోగం వచ్చాక మొదటి నెల జీతం. హాస్టల్లో మా రూమ్‌లో ఇద్దరు పెట్టేశారు, అందులో ఒకమ్మాయి చేరిపోయింది కూడా. ఇంట్లోవాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తాలంటే టెన్షన్.

పెట్టమంటారా? పెట్టకపోతే హాస్పిటల్ పని రెజ్యూమ్‌లో రాయాలా, గ్యాప్ అని వదిలెయ్యాలా? దానికీ టెస్టింగ్‌కీ సంబంధం లేదుగా.

పాత బ్యాచ్:
పెట్టెయ్యండి. నేను 2014లో పెట్టాను. ఇప్పుడు బెంగళూరులో లీడ్‌ని. లోపలికెళ్ళాక పని చేస్తున్నామా లేదా అన్నదే చూస్తారు. నీతులు చెప్పేవాళ్ళు మీ హాస్టల్ ఫీజు కట్టరు.

చెకింగ్ పని:
పాత బ్యాచ్ గారూ, 2014 వేరు. పీఎఫ్‌కి ఒక మనిషికి ఒకటే ఉండే యూఏఎన్ నంబర్ మొదలైందే ఆ ఏడాది. నేను బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ (కొత్తగా చేరేవాళ్ళ వివరాలు నిజమో కాదో చూసే) పనిలోనే ఉన్నాను కాబట్టి ఇప్పుడు ఎలా జరుగుతుందో చెప్తాను.

ఇదివరకు లెటర్ మీదున్న నంబర్‌కి ఫోన్ చేసేవాళ్ళం, అవతల ఎవరో ఎత్తి "అవునండీ, మా దగ్గరే చేశారు" అనేవాళ్ళు. ఇప్పుడు ముందు చూసేది పీఎఫ్ సర్వీస్ హిస్టరీ. ఏ కంపెనీ, ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు, అన్నీ అందులో ఉంటాయి. కన్సల్టెన్సీవాళ్ళు "పీఎఫ్ కూడా కడతాం" అంటారు. కానీ పాస్‌బుక్‌లో ఏ నెల జీతానికి, ఏ తేదీన కట్టారు అన్నవి విడివిడిగా కనిపిస్తాయి. రెండేళ్ళ చందా ఒకే వారంలో పడితే ఇక అడగడానికేం ఉంది? ఆ తర్వాత ఫారం 26ఏఎస్ (మీ పేరు మీద ఎవరు ట్యాక్స్ కట్టారో చూపే కాగితం), బ్యాంకు స్టేట్‌మెంట్. అనుమానం వస్తే అడ్రస్‌కి మనిషి వెళ్తాడు. నేను ఒకసారి వెళ్తే, 200 మంది ఉద్యోగులున్న కంపెనీ అని చెప్పిన చోట జిరాక్స్ షాపు ఉంది. ఇలాంటి పేర్ల జాబితా మా దగ్గర ఉంటుంది, అందులో పేరు కనిపిస్తే ఫైలు అక్కడే ఆగిపోతుంది.

చేరాక ఏం కాదనీ అనుకోకండి. నకిలీ కంపెనీల లెటర్లతో చేరినవాళ్ళని మన దేశంలో తీసేశామని 2022 చివర్లో యాక్సెంచరే ఒప్పుకుంది. అలా తీసేసినప్పుడు కాగితాల మీద సంతకం మీది. కన్సల్టెన్సీ ఆయన పేరు ఎక్కడా ఉండదు.

మీ హాస్పిటల్ పని మాత్రం దాచకండి. పీఎఫ్ కట్టకపోవడం కాంట్రాక్టరు చూసుకోవాల్సిన సంగతి, దానికి మీరు తలదించుకోనక్కర్లేదు. ఐడీ కార్డు, డ్యూటీ చార్టు ఫోటోలు, వాట్సాప్ గ్రూపులో షిఫ్ట్ మెసేజీలు, ఏవి ఉంటే అవి దాచిపెట్టుకోండి. బిల్లింగ్ ఇన్‌ఛార్జ్ మంచివారైతే హాస్పిటల్ లెటర్‌హెడ్ మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఇక్కడ చేశారని రెండు లైన్లు రాయించుకోండి.

టెస్ట్ లీడ్ ఉప్పల్:
ఇంటర్వ్యూలు చేసే మనిషిగా ఒక మాట. ఫేక్ పెట్టినవాళ్ళందరి ప్రాజెక్టూ ఒక్కటే: ఆన్‌లైన్ షాపింగ్, లాగిన్ పేజీ, కార్ట్. "మీరు రాసిన బగ్‌ని (సాఫ్ట్‌వేర్‌లో తప్పుని) డెవలపర్ ఒప్పుకోకపోతే ఏం చేశారు?" అంటే పుస్తకంలో ఉన్నది అప్పజెప్తారు. "సరే, ఆ బగ్ ఏంటి?" అంటే ఇక మాట ఉండదు. నిజంగా చేసినవాళ్ళైతే అక్కడే మొదలుపెట్టి ఆపరు.

బిల్లింగ్ కౌంటర్ గారూ, మీరు 2022లో అక్కడే ఉన్నారుగా? ఆ జులై 18 నుంచి రోజుకి 5000 దాటిన హాస్పిటల్ గదులకి 5% జీఎస్టీ వచ్చింది, ఐసీయూకి మినహాయింపు ఇచ్చారు. ఆ వారం మీ కౌంటర్లో ఏం జరిగింది?

బిల్లింగ్ కౌంటర్:
అయ్యో, ఆ వారం మర్చిపోలేనండీ! సాఫ్ట్‌వేర్ వాళ్ళు రాత్రి అప్‌డేట్ చేసి వెళ్ళారు. పొద్దున డిశ్చార్జ్ అవుతున్న ఒక పెద్దాయనకి మూడు రోజుల ఐసీయూ, రోజుకి 9000. బిల్లులో 1350 ట్యాక్స్ పడింది. వాళ్ళబ్బాయి గొడవ. ఐసీయూకి లేదని నాకు సర్క్యులర్‌లో చదివిన గుర్తు. మిగతా బిల్లులు కూడా తీసి చూస్తే, 5000 దాటితే చాలు, ఏ వార్డైనా వేసేస్తోంది. సరిగ్గా 5000 ఉన్న సెమీ డీలక్స్‌కి మాత్రం వెయ్యట్లేదు, అది కరెక్టే. వార్డు రకం, రేటు, పడిన ట్యాక్స్, పడాల్సిన ట్యాక్స్ ఒక ఎక్సెల్‌లో రాసి ఇన్‌ఛార్జ్ గారికిచ్చాను, ఆయన సాఫ్ట్‌వేర్ వెండర్‌కి పంపారు. ముందు వాళ్ళు "మీరు వార్డు కోడ్ తప్పు ఎంటర్ చేస్తున్నారు" అన్నారు. నేను స్క్రీన్ ఫోటోలు పెడితే అప్పుడు మార్చారు. (తర్వాత నెలలో 5200 డీలక్స్ గది రేటు 5000కి దిగింది, అది వేరే కథ.)

టెస్ట్ లీడ్ ఉప్పల్:
బౌండరీ వాల్యూ (సరిగ్గా 5000 లాంటి హద్దు దగ్గర చూడటం), బగ్ రిపోర్ట్, రిజెక్షన్ (అది తప్పే కాదని వెండర్ అనడం). మూడూ అందులో ఉన్నాయి, పైగా మీరు కోర్సులో చేరకముందే. టెస్టింగ్‌కి సంబంధం లేదంటారేంటండీ?

పాత బ్యాచ్:
సరే, ఇది బాగానే ఉంది. అయితే "యూఏటీ టెస్టర్" (వాడేవాళ్ళ తరఫున సాఫ్ట్‌వేర్ చూసే మనిషి) అని రాసేసుకోవచ్చుగా? అబద్ధం కాదు కదా.

చెకింగ్ పని:
వద్దు. ఇన్‌ఛార్జ్‌కి ఫోన్ చేసి "మీ దగ్గర యూఏటీ టెస్టర్‌గా చేశారా?" అంటే ఆయన "అదేంటండీ?" అంటాడు. మేం "సరిపోలలేదు" అని రాస్తాం. హోదా దగ్గర ఆయన ఏ మాట అంటాడో అదే రాయండి.

బిల్లింగ్ కౌంటర్:
ఇలా రాశాను, చూడండి: "బిల్లింగ్ ఎగ్జిక్యూటివ్ (కాంట్రాక్ట్). 2022లో జీఎస్టీ మార్పు తర్వాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ని పూర్తిగా టెస్ట్ చేసి లోపాలు సరిచేయించాను."

టెస్ట్ లీడ్ ఉప్పల్:
"పూర్తిగా" తీసెయ్యండి, మీరు చూసింది గది అద్దె ఒక్కటే. "సరిచేయించాను" కూడా వద్దు. "ఐసీయూ బిల్లులో ట్యాక్స్ తప్పు గుర్తించి, వివరాలతో రిపోర్ట్ చేశాను, వెండర్ సరిచేశాక మళ్ళీ చూశాను" అని రాయండి. మళ్ళీ చూశారా, ఇంతకీ?

బిల్లింగ్ కౌంటర్:
చూశానండీ. రెండు వార్డుల బిల్లులే, అన్నీ కాదు.

టెస్ట్ లీడ్ ఉప్పల్:
అయితే "రెండు వార్డుల బిల్లులు మళ్ళీ చూశాను" అనే రాయండి. ఫ్రెషర్ జీతమే వస్తుంది, అది మాత్రం ముందే అనుకోండి. హెల్త్‌కేర్ ప్రాజెక్టులున్న కంపెనీలకి ముందు పంపండి.

బిల్లింగ్ కౌంటర్:
సరేనండీ. లెటర్ కోసం శనివారం గుంటూరు వెళ్తున్నాను. ఇన్‌ఛార్జ్ గారు చేరిన తేదీ గుర్తులేదంటే, మొదటి డ్యూటీ చార్టు ఫోటో చూపిస్తే సరిపోతుందా?

చెకింగ్ పని:
సరిపోతుంది. లెటర్‌లో పడిన తేదీనే రెజ్యూమ్‌లోనూ వేయండి, నెల తేడా కూడా రానివ్వకండి.