ఒక సీటు బుక్ చేస్తే ఇంకోటి ఖాళీ అవుతోంది, తప్పెక్కడ?

నిద్రలేని ఎనలిస్టు: పొద్దున తొమ్మిదింటికి కూర్చున్నాను, ఇప్పుడు రాత్రి ఎనిమిది. బస్ టికెట్ల అప్లికేషన్‌కి రిక్వైర్‌మెంట్లు ఫార్మల్‌గా, అంటే టూల్ తనిఖీ చేయగలిగేలా గణిత గుర్తులతో రాస్తున్నా. "ఖాళీ సీటును బుక్ చేస్తే అది ఆ ప్రయాణికుడిదవుతుంది." ఇంతే రాశాను. టూల్ చూపిస్తున్న ఉదాహరణలో 7వ సీటు బుక్ చేయగానే 12వ సీటు ఖాళీ అయిపోతోంది! నేను 12 ఊసే ఎత్తలేదు. పైగా క్లయింటు "ఈ గుర్తులు మాకెందుకు, మామూలు మాటల్లో ఇవ్వండి" అంటున్నారు. రేపే రివ్యూ, ఒకటే టెన్షన్.

రెండుముక్కలు: ఏ టూల్? రాసింది పెట్టండి.

పాతకాపు: అసలు మీరు రాసేది రిక్వైర్‌మెంట్ (క్లయింటుకి కావాల్సింది) కాదు, స్పెసిఫికేషన్ (సాఫ్ట్‌వేర్ ఎలా నడవాలన్నది). ముందు ఆ తేడా చూసుకోండి. టెంప్లేట్ ఏది? రిక్వైర్‌మెంట్ల డాక్యుమెంట్‌కి పాత ప్రమాణం ఐట్రిపుల్‌ఈ 830 అయితే పక్కన పడేయండి, దాని బదులు 2011లోనే 29148 అనే ప్రమాణం వచ్చింది. ఇంకా 1998 నాటి ఫైల్‌లో పేరు మార్చి పంపేవాళ్లను రోజూ చూస్తున్నా.

నిద్రలేని ఎనలిస్టు: నేనడిగింది టెంప్లేట్ గురించి కాదండీ. టూల్ అలాయ్ 6, మనం రాసిన నియమాలకు సరిపోయే ఉదాహరణలు వెతికి చూపించేది.

గళ్ల నోట్‌బుక్: అది ముందే చెప్పాల్సింది. 12 ఊసెత్తకపోవడమే తప్పు. మనిషికి "7 బుక్ చెయ్యి" అంటే మిగతావి ముట్టుకోడు. అలాయ్‌లో మారకూడదని చెప్పనిది ఎలాగైనా మారొచ్చు. "తర్వాతి బుకింగ్ పట్టిక అంటే ఇప్పటిదే, 7 ఒక్కటి మార్చి" అని రాయాలి. అలాయ్‌లో ప్లస్ ప్లస్ (++) గుర్తు ఉన్నది అందుకే.

క్లయింటుకి మీ పాత వాక్యం ఇవ్వకండి. సరిచేసిన మోడల్ చూసి మళ్లీ రాయండి: "ఖాళీ సీటునే బుక్ చేయవచ్చు. మిగతా సీట్లు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి." ఫార్మల్‌గా రాసి, అందులోంచి మామూలు వాక్యాలు తీయడం కంప్యూటర్ శాస్త్రవేత్త బెర్ట్రాండ్ మేయర్ 1985లోనే చేసి చూపించారు.

పాతకాపు: గుర్తులే అక్కర్లేదు. అమెరికా యుద్ధవిమానం ఏ-7 సాఫ్ట్‌వేర్‌కి 1978లో కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నస్ బృందం రిక్వైర్‌మెంట్లు పట్టికలతో రాసింది. పైలట్లే చదివి తప్పులు పట్టారు.

రెండుముక్కలు: పట్టికలు సెమీ ఫార్మల్, అంటే రూపం ఉంటుంది కానీ గణితంలో పక్కా అర్థం ఉండదు.

పాతకాపు: పార్నస్ పట్టికలకు గణితంలో అర్థం ఉంది. మీరు చూసినవి ఎక్సెల్ షీట్లు అయ్యుంటాయి.

రెండుముక్కలు: మా షీట్‌కీ అర్థం ఉంది, మా మేనేజరుకే తెలీదు.

నిద్రలేని ఎనలిస్టు: ప్లస్ ప్లస్ పెట్టాక 12 కదల్లేదు. థాంక్సండీ. ఇప్పుడు ఇంకోటి బయటపడింది: సీటు హోల్డ్ (డబ్బు కట్టేదాకా సీటు ఆపి ఉంచడం) 10 నిమిషాలు. సరిగ్గా పదో నిమిషంలో డబ్బు కడితే సీటు ఎవరిది? డాక్యుమెంట్‌లో ఎక్కడా లేదు. రేపు క్లయింటునే అడుగుతా.